ఆటస్థలమూ చరిత్రే

మన చరిత్రకారులు ఆటలను కాలక్షేపమని తోసిపుచ్చుతారు. 1918లో ఉర్దూ బోధనాభాషగా వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, 1920ల చివర ఫుట్‌బాల్ జట్టులో ఆడిన విద్యార్థి సయ్యద్ అబ్దుల్ రహీం. ఆనాడు కాలేజీ గడప తొక్కడమే కొద్దిమందికి దక్కిన భాగ్యం. ఇటు సీమలో, 1915లో మదనపల్లెలో, 1916లో అనంతపురంలో కాలేజీలు వెలసేదాకా తుమ్మలపల్లె వంటి మెట్టపల్లెల పిల్లలకు పైచదువంటే దూరప్రయాణమే.

రహీం చదువు ముగించి బడిపంతులయ్యాడు. ఆ పంతులు తీర్చిదిద్దిన భారతజట్టే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి యేడే ఆయన కన్నుమూశాడు.

పతకాలను లెక్కించే చరిత్ర పంతులును మరిచిపోతుంది. పల్లెల్లో కరువైనది ప్రతిభ కాదు. దానిని గుర్తించే పంతులూ, పరుగెత్తడానికింత మైదానమూ.