కడుపు తీపి

మొన్న అమలాపురంలో నేను తిన్న కేకు గురించి చెబితే మీరు నవ్వుతారో, ముక్కున వేలేసుకుంటారో తెలియదు. ఆ కేకు గర్భసంచి ఆకారంలో ఉంది!

మా పిన్ని కూతురికి గడ్డలు పెరిగి, రక్తం పోయి పోయి, చివరికి గర్భసంచి తీసేశారు. నెల తిరిగాక దాని కూతురు ఈ కేకు తలపెట్టింది. విదేశాల్లో కొందరు ఆడవాళ్ళు ఈ ఆపరేషనప్పుడు ఇలాంటి కేకు కోసి స్నేహితులకు పంచుతారట. బజార్లో బేకరీ అబ్బాయి, "గుండె ఆకారమైతే చేస్తామండి, ఇది మావల్ల కాదండి" అన్నాట్ట. దాంతో పిల్లే నడుం బిగించింది.

కేకు కాల్చి, పూర్తిగా చల్లారాక, తలకిందులు చేసిన జామకాయలా చెక్కింది. వేడి మీద చెక్కితే పొడిపొడి అయిపోతుందట. పైన వెన్నా పంచదార పొడీ గిలక్కొట్టి పూసి, గులాబీరంగు పంచదార ముద్దని చపాతీలా వత్తి కప్పింది. అదే ముద్దతో రెండు పక్కలా గొట్టాలు, వాటి చివర అండాశయాలకు బదులు రెండు బాదం పప్పులు. అసలు గర్భసంచి మూడంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పేనట. ఈ కేకు మాత్రం ఇంటిల్లిపాదికీ సరిపోయింది.

"కడుపుని కోసుకు తింటారుటే! అప్రాచ్యపు పనులూ మీరూనూ" అంది మా పెద్దమ్మ.

కేకు మనది కాదు, నిజమే. 1883లో కేరళలోని తలశ్శేరిలో మాంబల్లి బాపు అనే బేకరీ ఆయన, ఒక తోటల దొర తెచ్చి చూపించిన కేకుని చూసి తనూ చేశాడనీ, మన దేశంలో క్రిస్మస్ కేకు కథ అక్కణ్ణించే మొదలైందనీ చెబుతారు. కాని కడుపుకీ తీపికీ ముడి వేసింది మాత్రం మనమే. లేకపోతే 'కడుపుతీపి' అన్న మాట ఎలా పుడుతుంది చెప్పండి? మన గోదావరి జిల్లాల్లో అమ్మాయికి మూడో నెల రాగానే పుట్టింటివాళ్ళు గుట్టుగా దొంగ చలిమిడి తెస్తారు. తడి బియ్యప్పిండిని బెల్లం పాకంలో కలిపి, నెయ్యీ కొబ్బరి ముక్కలూ గసగసాలూ వేసిన ఆ ముద్ద కడుపుకి చలవ. గుళ్ళో దేవుడుండే చోటుని కూడా మనం గర్భగుడి అనే అన్నాం.

నిండిన కడుపుకి ఇన్ని ముచ్చట్లున్నాయి. తీసేసిన కడుపుకో? వంట లేదు సరికదా, మాటే లేదు. "ఏదో చిన్న ఆపరేషన్" అని గొంతు తగ్గిస్తాం.

ఆ ఆపరేషనుకీ ఓ చరిత్ర ఉంది. 1843లో మాంచెస్టరులో ఛార్లెస్ క్లే అనే డాక్టరు పొట్ట కోసి గర్భసంచి తీస్తే రోగి బతకలేదు. పదేళ్ళ తర్వాత, 1853లో, అమెరికాలో వాల్టర్ బర్నహామ్ చేతిలో తొలిసారి ఒకావిడ బతికి బయటపడింది. అంత భయంకరమైనది ఇవాళ మనకి మరీ సులువైపోయింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3గురు. మన ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 మంది! అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగే వయసు ముందే మీద పడుతుంది, ఎముకలు పలచబడతాయి. అనవసరపు ఆపరేషన్లు ఆపడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చెయ్యమని 2023 ఏప్రిల్లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

ఆపరేషనే వద్దని కాదు. మా చెల్లెల్ని నిలబెట్టింది అదేగా. కాకపోతే దానికి డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది, మందులతో ముందు ప్రయత్నించింది, నీకేం కావాలని అడిగింది.

ఇదంతా నేను చెబుతుంటే పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అంది: "నాకూ తీశారే. అప్పటికి నాకు ముప్ఫై రెండు. పిల్లలు పుట్టేశారుగా, ఇంకా ఆ సంచి ఎందుకన్నారు. మీ పెదనాన్నని అడిగారు. నన్నెవరూ అడగలేదు."

ఇన్నేళ్ళలో ఆవిడ నోటివెంట ఆ మాట మేమెవ్వరం వినలేదు. అది పొత్తికడుపు మీద మచ్చగా ఆవిడతోపాటే తిరిగింది.

గుడ్డు కలిసిందని పెద్దమ్మ కేకు ముట్టుకోలేదు. మర్నాడు పొద్దున్నే బియ్యం నానబోసి, దగ్గరుండి చలిమిడి చేయించింది. మా చెల్లెలి చేతిలో ఓ ముద్ద పెట్టి, ఇంకో చిన్న ముద్ద తన నోట్లో వేసుకుంది.