గియోన్ మత్సురి

జపాన్‌లోని క్యోటో నగరంలో ఏటా జూలై నెల పొడవునా జరిగే షింటో జాతర గియోన్ మత్సురి. యసాకా ఆలయం దీనికి కేంద్రం. మహమ్మారిని ఊరు దాటించడానికి మొదలైన మొక్కు ఇది.

869లో క్యోటోలో అంటువ్యాధి ప్రబలింది. అన్యాయంగా చనిపోయినవారి ఆత్మలు పగబట్టి రోగాలు తెస్తాయని ఆనాటి నమ్మకం. వాటిని శాంతింపజేయడానికి షిన్‌సెన్‌ఎన్ అనే రాజోద్యానంలో దేశంలోని 66 రాష్ట్రాల పేరిట 66 బల్లేలు నిలిపి, గియోన్ దేవుణ్ణి పల్లకిలో అక్కడికి తీసుకువెళ్లారు. 970 నుంచి ఇది ఏటేటా జరిగే ఉత్సవమైంది. ఆ బల్లేల వారసులే నేటి హొకో రథాలు.

అప్పట్లో గియోన్ దేవుడిగా ఆలయంలో కొలిచింది ఎద్దు తల ఉన్న గోజు తెన్నోను. శ్రావస్తిలో బుద్ధుడు బసచేసిన జేతవనానికి కాపలా కాసే దేవుడిగా జపనీయులు ఈయనను భావించేవారు. 1868లో మెయిజీ ప్రభుత్వం షింటోను బౌద్ధం నుంచి విడదీయడంతో ఆయన స్థానంలోకి షింటో దేవుడు సుసనోవో వచ్చాడు, ఆలయం పేరు యసాకాగా మారింది. జనం మొక్కు మాత్రం మారలేదు.

ఓనిన్ యుద్ధంలో (1467–77) నగరం కాలిపోయి ఆగిన ఉత్సవం 1500లో మళ్లీ మొదలైంది. 1533లో ఉత్సవం ఆపమని షోగున్ (సైనిక పాలకుడి) ప్రభుత్వం హుకుం జారీ చేస్తే, గుడిలో క్రతువులు జరగకపోయినా సరే, రథాలు మాత్రం లాగి తీరతామని పేటలవాళ్లు పట్టుబట్టారు. ఈ జాతర చరిత్రలో అసలైన ఘట్టం ఇదే. రథాల నిర్వహణ ఈనాటికీ ఆయా పేటల చేతిలోనే ఉంది.

మొత్తం రథాలు 34. పెద్దవి 25 మీటర్ల ఎత్తు, 12 టన్నుల దాకా బరువు. మేకులు కొట్టకుండా గడ్డితాళ్లతోనే చట్రం బిగిస్తారు. చక్రాలు పక్కకు తిరగవు కాబట్టి కూడలికి రాగానే వాటి కింద వెదురు బద్దలు పరిచి, నీళ్లు పోసి, పక్కనుంచి మోకులతో గుంజుతారు. తడి వెదురు మీద జారుతూ రథం విడతలు విడతలుగా మలుపు తిరుగుతుంది. వాటికి కట్టే అలంకరణల్లో ట్రోజన్ యుద్ధ దృశ్యాలు నేసిన 16వ శతాబ్దపు బెల్జియం తెరలతో పాటు మొఘల్ కాలపు భారతీయ తివాచీలూ ఉన్నాయి.

ఉత్సవం రోజుల్లో రథాల దగ్గర చిమాకి అనే వెదురాకుల కట్ట కొని ఏడాదంతా గుమ్మానికి వేలాడదీస్తారు. మారువేషంలో వచ్చిన దేవుడికి ఇంత చోటిచ్చిన సొమిన్ షోరాయ్ అనే పేదవాడి వంశాన్ని రోగం ముట్టదని కథ. ఆ ఇంటివాళ్లమేనని చెప్పుకోవడమే ఆ కట్ట ఉద్దేశం.

తెలుగువారికి ఇక్కడ బోనాలు గుర్తుకు రాక మానవు. 1813లో హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో గత్తర సోకినప్పుడు, సైన్యంతో ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య మహంకాళికి మొక్కుకుని, 1815లో సికింద్రాబాద్‌లో అమ్మవారిని నిలిపాడని ప్రతీతి. అయితే బోనం ఎత్తేది ఆడవాళ్లు. క్యోటోలో ముందు నడిచే నగినతా హొకో రథం మీదికి మాత్రం ఆడవాళ్లను నేటికీ ఎక్కనివ్వరు.

కోవిడ్ వల్ల 2020, 2021లలో క్యోటోలో రథాల ఊరేగింపు జరగలేదు. 2022లో తిరిగి మొదలైనప్పుడు, 1826 నాటి గాలివానకు దెబ్బతిని మూలపడిన తకాయమా రథం కూడా 196 ఏళ్ల తర్వాత వీధుల్లోకి వచ్చింది.