గుంటూరు గ్రహణం, పసుపు గీత

తెనాలిలో ఫిజిక్స్ చెప్పినన్నాళ్లూ వర్ణపటం పాఠాన్ని గుంటూరు నుంచే మొదలుపెట్టేదాన్ని. రేపల్లె ప్యాసింజర్‌లో వచ్చే పిల్లలు, బాపట్ల పిల్లలు ఆ పేరు వినగానే తలెత్తేవారు.

1868 ఆగస్టు 18 ఉదయం సంపూర్ణ సూర్యగ్రహణం. తెనాలి, రేపల్లె, బాపట్ల మూడూ ఆ నీడలో ఉన్నవే. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త పియరీ జాన్సెన్ సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును వర్ణపటదర్శినిలో విడదీసి చూశాడు. రంగులు వరసగా పరుచుకోలేదు, విడివిడిగా మెరిసే గీతలు కనిపించాయి. అంటే అది వేడి వాయువు! అవి ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, మర్నాడు గ్రహణం లేకుండానే మళ్లీ పట్టుకున్నాడు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ మర్నాటి పనే.

గ్రహణంలో కనిపించిన పసుపు గీత సోడియందేనని కొందరు అనుకున్నారు. తరంగదైర్ఘ్యాల్లో తేడా రెండు నానోమీటర్ల లోపే మరి. అక్టోబరులో ఇంగ్లండ్‌లో ఖగోళ శాస్త్రవేత్త లాకియర్ అది వేరని తేల్చాడు. అదే హీలియం. భూమ్మీద రసాయన శాస్త్రవేత్త రామ్సే చేతికి చిక్కింది 1895లో. హీలియం గుంటూరులోనే దొరికిందని మనవాళ్లు అంటారు, అది సరికాదు. కానీ గ్రహణం లేని రోజునా సూర్యజ్వాలల్ని చూసే పద్ధతి అక్కడ పుట్టింది, నాకు ఆ గర్వం చాలు.

మరి ఒక్కో మూలకం గీతలు ఆ చోటే ఎందుకు? 1924లో భౌతిక శాస్త్రవేత్త డి బ్రోయీ ఎలక్ట్రాన్ కూడా అలేనన్నాక లోతైన కారణం దొరికింది. బిగించిన వీణ తీగె కొన్ని స్వరాలే పలికినట్టు, పరమాణువులో ఇమిడే అలలు కొన్నే. ఒక్కో అల ఒక్కో శక్తి స్థితి. ఎలక్ట్రాన్ పై స్థితి నుంచి కిందికి దిగితే, ఆ శక్తి తేడాయే కాంతి రంగును నిర్ణయిస్తుంది. ల్యాబ్‌లో సోడియం దీపం వెలిగించి, గ్రేటింగ్‌లో జంట గీతలు చూపి, హీలియం గీత వాటికి ఎటు పక్కన ఉంటుందో పిల్లల్నే చెప్పమనేదాన్ని.