నివ్వెరగు

మనిషిని నిలువునా ముంచెత్తే ఆశ్చర్యం నివ్వెరగు. నిండైన వెరగు అని అర్థం. పాత రాతలో ఇది శకటరేఫతో నివ్వెఱగు. వెఱ, వెఱపు, వెఱచు అనే భయవాచకాల కుదురులోదే వెఱగు కూడా. అందుకే ఈ ఆశ్చర్యంలో బెదురు కలిసే ఉంటుంది. నివ్వెరపోయినవాడికి నోట మాట రాదు, కాలు కదలదు, చూపు మరలదు.

భరతుడి నాట్యశాస్త్రంలో విస్మయం స్థాయీభావంగా అద్భుతరసం, భయం స్థాయీభావంగా భయానకరసం వేర్వేరు. తెలుగు మాట ఆ రెంటినీ విడదీయలేదు. దాని బలమంతా అక్కడే ఉంది. ప్రాకృతం మీదుగా వచ్చిన అచ్చెరువు (ఆశ్చర్యం), అబ్బురం (అద్భుతం) అనే మాటల్లో ఈ బెదురు లేదు.

వెఱగుపడు, వెఱగందు అనేవి కావ్యభాషలో బాగా వాడుకైన మాటలు. ఆ భాషను పెంచిన సీమల్లో నెల్లూరు ఒకటి. 13వ శతాబ్దిలో తిక్కన నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్నాడు. 15వ శతాబ్దిలో పడమటి మెట్టన ఉదయగిరి కవులకు నెలవైంది. దూబగుంట నారాయణకవి తన పంచతంత్రాన్ని ఉదయగిరి ఏలిక బసవరాజుకు అంకితమిచ్చాడు. బసవరాజు మంత్రి గంగయకు నంది మల్లయ, ఘంట సింగయ ప్రబోధచంద్రోదయాన్ని అంకితమిచ్చారు. ఊరి మీదికి ఒరిగినట్టు నిటారుగా లేచిన ఉదయగిరి కొండను, దాని కోటను కింద నిలబడి చూస్తే వెరగులో వెరపు ఎందుకు కలిసిందో తెలుస్తుంది. గజపతుల చేతిలోని ఆ దుర్గాన్ని 1513లో ముట్టడించిన కృష్ణదేవరాయలికి అది 1514లో గాని వశం కాలేదు.

ఇప్పుడు నివ్వెరగు పుస్తకాలకే పరిమితమైంది. నివ్వెరపోవు అనే క్రియ మాత్రం పత్రికల్లో బతికే ఉంది, అదీ ఎక్కువగా చెడ్డ వార్తల పక్కనే. పల్లె నోట వినబడేవి వింత, చోద్యం, సోద్యం. ఆత్మకూరు దగ్గర సోమశిల ఆనకట్ట గేట్లెత్తినప్పుడు పెన్న ఉరవడిని చూడబోయేవారికి అది వింత. పని మాని ఊరికే చూస్తూ నిలబడితే చోద్యం చూడటం. ఈ నుడికారంలో మెచ్చుకోలు లేదు, మందలింపే. బిత్తరపోవడంలో భయమూ అయోమయమూ ఎక్కువ, నిర్ఘాంతపోవడం పిడుగులాంటి వార్త విన్నప్పటి మాట. మేలు చూసినా కీడు చూసినా చెల్లేది నివ్వెరపోవడం.