పాలపళ్ళ పుచ్చు: పురుగు కథ నుండి ఫ్లోరైడు దాకా

పన్ను పాడైతే ‘పురుగు తినేసింది’ అంటాం. ఈ మాట మన ఒక్కరిదే కాదు. బాబిలోనియావారి మట్టి పలకలలో పంటినొప్పికి చెప్పిన ఒక మంత్రం ఉంది. అందులో ఒక పురుగు ఈయా అనే దేవుని ఎదుట ఏడ్చి, పండిన అంజూరం తనకు వద్దని, మనిషి పళ్ళ మధ్య, చిగుళ్ళలో చోటిమ్మని వేడుకుంటుంది. ఐరోపాలో ఈ నమ్మకం పొట్టకూటి విద్యగా కూడా మారింది. ఊరూరా తిరుగుతూ పళ్ళు పీకేవారు ఖురాసానీ వాము గింజలను నిప్పులపై వేసి రోగి నోటికి పొగ పట్టేవారు. ఆపైన నీళ్ళలో సన్నని వాద్యపు తీగముక్కలు జారవిడిచి, ‘ఇవిగో నీ పంటి పురుగులు’ అని చూపేవారు. ఆ గుట్టును జాన్ జెరార్డ్ అనే ఆంగ్లేయుడు 1597లో తన మూలికా గ్రంథంలో బయటపెట్టాడు. మన పల్లెల్లో ఇదే పనికి నేలములక విత్తుల పొగ పట్టేవారు. ఒకరినొకరు ఎరుగని జనాలకు ఇంత దగ్గరి వైద్యం తోచడం ఆశ్చర్యమే.

ఫ్రెంచి దంతవైద్యుడు పియేర్ ఫొషార్ 1728 నాటి తన గ్రంథంలో, సూక్ష్మదర్శినితో ఎంత వెదికినా తనకు ఆ పురుగు కనిపించలేదని రాశాడు. అయితే పుచ్చుకు అసలు కారణం తేలడానికి మరో నూట అరవై ఏళ్ళు పట్టింది. బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ దంతవైద్యుడు విల్లోబీ మిల్లర్ చేసిన ప్రయోగం చాలా సామాన్యమైనది. లాలాజలంలో రొట్టె కలిపి, అందులో ఊడదీసిన పళ్ళను ఉంచి, శరీరపు వేడిలో నిలువ చేశాడు. పులిసిన ఆ ద్రవంలో పళ్ళు మెత్తబడ్డాయి. రొట్టెకు బదులు మాంసం వేస్తే అలా జరగలేదు. అంటే పిండిపదార్థాన్నీ చక్కెరనూ నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లం పంటి పైపొరలోని ఖనిజాన్ని కరిగిస్తుంది. 1890లో ఆంగ్లంలో వెలువడిన మిల్లర్ గ్రంథం ఈ సిద్ధాంతాన్ని స్థిరపరచింది. 1924లో లండన్‌లో కిలియన్ క్లార్క్ స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే సూక్ష్మజీవిని పుచ్చుపళ్ళ నుండి వేరుచేశాడు. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకలకు ఎంత చక్కెర పెట్టినా పళ్ళు పుచ్చవని 1954లో తేలింది.

ఈ పరిశోధనలన్నిటిలోనూ పసిపిల్లల పళ్ళ ప్రస్తావన తక్కువ. కారణం ఊహించవచ్చు. పాలపళ్ళు ఎలాగూ ఊడిపోయేవే కదా అనే ధోరణి శాస్త్రజ్ఞులకూ ఉండేది, తల్లిదండ్రులకు నేటికీ ఉంది. ముందరి పళ్ళు ఆరేడేళ్ళకు ఊడే మాట నిజమే. కాని వెనుకవైపు పాలదంతాలు పదేళ్ళ నుండి పన్నెండేళ్ళ వయసు దాకా నమలడానికి ఉండవలసినవి. అవి మూడేళ్ళకే పుచ్చి చీముపడితే బిడ్డ తినదు, నిద్రపోదు, బరువు పెరగదు. దవడ వాచి, జ్వరంతో వచ్చిన పసివాళ్ళను నా ఉద్యోగకాలంలో ఎందరినో చూశాను. ‘పాలపన్నే కదా డాక్టరుగారూ’ అన్న మాట వారిలో చాలామంది తల్లులు అన్నదే.

న్యూయార్క్‌లో పిల్లల వైద్యానికి పునాది వేసిన అబ్రహాం జాకోబీ 1862లోనే పాలు తాగే పిల్లల పళ్ళు పుచ్చడాన్ని గురించి రాశాడు. ఆ మాట మరుగున పడిపోయింది. సరిగ్గా నూరేళ్ళకు, 1962లో ఎలియాస్ ఫాస్ అనే దంతవైద్యుడు ఈ రోగానికీ పాలసీసాకూ గల సంబంధాన్ని ఎత్తిచూపాడు. లక్షణం స్పష్టమైనది. పైవరుస ముందరి నాలుగు పళ్ళు మొదట పోతాయి, కింది ముందుపళ్ళు చెక్కుచెదరవు. సీసా చప్పరించేటప్పుడు నాలుక కింది పళ్ళను కప్పి ఉంచుతుంది, అక్కడ లాలాజలం కూడా ఎక్కువ. పైపళ్ళ చుట్టూ పాలు నిలిచిపోతాయి. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గుతుంది కనుక కడిగేవారు ఎవరూ ఉండరు. మన అమ్మమ్మలు వాడిన ఉగ్గుగిన్నెను నిద్రపోయే బిడ్డ నోట్లో పెట్టి వదిలివేయడం కుదరదు, సీసాకు ఆ వీలుంది. సీసాలో చక్కెర కలిపిన పాలు, పండ్లరసం పోసినా, పాలపీకను తేనెలో ముంచి ఇచ్చినా నష్టం మరింత త్వరగా జరుగుతుంది.

చక్కెర ఎంత తిన్నామన్నదా, ఎన్నిసార్లు తిన్నామన్నదా ముఖ్యం? ఈ ప్రశ్నకు సమాధానం దొరికిన తీరు వైద్యచరిత్రలో చీకటి అధ్యాయం. స్వీడన్‌లోని లుండ్ పట్టణంలో వీపెహోల్మ్ అనే మనోవైకల్యం గలవారి సంరక్షణాలయం ఉండేది. 1940ల నడుమ మొదలై కొన్నేళ్ళు సాగిన ప్రయోగాలలో అక్కడివారిని జట్లుగా విడదీశారు. కొందరికి భోజనంతోపాటు చక్కెర ఇచ్చారు. మరికొందరికి భోజనాల మధ్య, పళ్ళకు అంటుకొనే టాఫీలు ఇచ్చారు. ఒక జట్టుకు రోజుకు ఇరవైనాలుగు! ఖర్చులో కొంత మిఠాయి పరిశ్రమ భరించింది. తినేవారి అనుమతి ఎవరూ అడగలేదు, అడిగినా ఇచ్చే స్థితి చాలామందికి లేదు. ఫలితాలు 1954లో వెలువడ్డాయి. భోజనంతో తీసుకున్న చక్కెర పెద్దగా పళ్ళు పుచ్చజేయలేదు, పూటకూ పూటకూ నడుమ నమిలిన టాఫీలు నోళ్ళను పాడుచేశాయి.

ఈ ప్రయోగం జరగకుండా ఉండవలసిందని నా అభిప్రాయం. కాని నేడు ప్రపంచమంతటా తల్లులకు మేము చెప్పే సలహా అక్కడి నుండి వచ్చినదే. స్వీడన్ ప్రభుత్వం తర్వాత వారానికొకసారి, శనివారమే మిఠాయి తినమని ప్రజలకు బోధించింది, అది అక్కడ ఆచారంగా స్థిరపడింది. దీని వెనుక గల కారణం అమెరికన్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ స్టీఫన్ కొలతలలో కనిపిస్తుంది. తీపి తగిలిన కొద్ది నిమిషాలకే పంటి మీది పాచి ఆమ్లంగా మారుతుంది, మళ్ళీ యథాస్థితికి రావడానికి అరగంట నుండి గంట పడుతుంది. గంటకొక బిస్కెట్ తినే బిడ్డ పంటికి ఆ తెరపి దొరకదు.

ఇక ఫ్లోరైడు కథ మన నేలకు బాగా దగ్గరిది. 1901లో ఫ్రెడరిక్ మెక్‌కే అనే యువ దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెట్టాడు. అక్కడ పుట్టి పెరిగినవారి పళ్ళపై గోధుమరంగు మరకలు చూసి విస్తుపోయాడు. ముప్పై ఏళ్ళపాటు ఆ గుట్టు వెంట తిరిగాడు. విచిత్రమేమంటే ఆ వికారమైన పళ్ళు అంతగా పుచ్చడం లేదు. 1931లో చర్చిల్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు మరో ఊరి నీటిలో ఫ్లోరైడును గుర్తించడంతో చిక్కుముడి విడిపోయింది. లీటరుకు సుమారు ఒక మిల్లీగ్రాము ఉంటే మరక తక్కువ, రక్షణ ఎక్కువ అని ట్రెండ్లీ డీన్ నిర్ణయించాడు. 1945 జనవరి 25న గ్రాండ్ రాపిడ్స్ నగరపు మంచినీటిలో ఫ్లోరైడు కలిపారు. ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో పుచ్చు అరవై శాతానికి పైగా తగ్గిందని పదకొండేళ్ళకు ప్రకటించారు.

ఆ నగరంలో నీటికి ఫ్లోరైడు కలపడానికి ఎనిమిదేళ్ళ ముందే, 1937లో, షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు ప్రాంతపు బావుల నీరు తాగి పళ్ళు మరకలుపడి, వెన్నెముకలు బిగుసుకుపోయిన రైతుల గురించి రాశారు. ఒకే మూలకం అక్కడ వరమైంది, ఇక్కడ శాపమైంది. ప్రకాశం, నల్లగొండ జిల్లాల బాధ మనకు తెలిసినదే. పటిక, సున్నంతో ఫ్లోరైడును తీసివేసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు.

నీటిలో ఫ్లోరైడు కలపడం కాబట్టి మనకు పనికివచ్చే మార్గం కాదు. అదృష్టవశాత్తు, ఫ్లోరైడు ముఖ్యంగా మింగడం వల్ల కాక పంటి ఉపరితలాన్ని తాకడం వల్లనే పనిచేస్తుందని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. అందుకే ఫ్లోరైడు గల టూత్‌పేస్టు చాలు. మొదటి పన్ను వచ్చిన నాటి నుండి మూడేళ్ళ దాకా బియ్యపుగింజంత, ఆపైన ఆరేళ్ళ దాకా బఠాణీగింజంత పేస్టుతో పెద్దలే తోమి, ఉమ్మించాలి. రాత్రి తోమాక మంచినీరు తప్ప మరేదీ ఇవ్వకూడదు.

ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న బోరునీటి ఊళ్ళలో ఇంకొక సంగతి. తల్లి ఆ నీరే తాగుతున్నా ఆమె పాలలోకి వచ్చే ఫ్లోరైడు అత్యల్పం. డబ్బాపాలను ఆ నీటితో కలిపితే మాత్రం అదంతా బిడ్డ కడుపులోకి వెళుతుంది. కాచినందువల్ల ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై మిగిలినదానిలో మరింత చిక్కబడుతుంది. బిడ్డకు ఏడాది నిండకముందే చిగుళ్ళ లోపల శాశ్వతదంతాల పైపొర తయారవడం మొదలై ఉంటుంది.