మూడు మగ్గాలు వదిలి క్లాసులోకి వచ్చిన డోరతీ

ముందుగా ఒక ప్రశ్న. మీ స్కూల్లో నాటకం వేసినప్పుడు మీకు ఏ వేషం ఇచ్చారు? నాకు భటుడి వేషం. అట్టముక్కకి రంగేసి చేసిన బల్లెం పట్టుకుని అరగంట నిలబడ్డాను. ఒక్క డైలాగూ లేదు. డైలాగులన్నీ బాగా చదివే ఇద్దరు ముగ్గురికే. అదీ ఏడాదికోసారి, వార్షికోత్సవం రోజున. మర్నాటి నుంచి మళ్లీ నోట్సు, బట్టీ. నాటకం వేరు, పాఠం వేరు.

ఆ రెండింటినీ ఒకటి చేసిన డోరతీ హీత్‌కోట్ అనే టీచర్ కథ ఈ రోజు చెప్తాను.

ఆవిడ 1926లో ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్‌లోని స్టీటన్ అనే ఊళ్లో పుట్టారు. పద్నాలుగేళ్లకే బడి మానేసి ఉన్ని మిల్లులో మగ్గాల దగ్గర పనికి చేరారు. కొన్నేళ్లకు బ్రాడ్‌ఫర్డ్‌లోని నాటక పాఠశాలలో సీటొచ్చింది. ఫీజు ఎవరు కట్టారో తెలుసా? ఆ మిల్లు యజమానే! అక్కడ కుదరకపోతే వెనక్కి రా, నీ మూడు మగ్గాలూ ఇక్కడే ఉంటాయి అని ధైర్యం కూడా చెప్పారట. 1971లో బీబీసీ ఆవిడ మీద తీసిన డాక్యుమెంటరీ పేరు అందుకే 'త్రీ లూమ్స్ వెయిటింగ్'.

ఆవిడ మగ్గాల దగ్గరకి తిరిగి వెళ్లలేదు. నటి కూడా కాలేదు. టీచర్ ట్రైనింగ్ చేయకుండానే, ఇరవై నాలుగేళ్ల వయసులో న్యూకాసిల్‌లో టీచర్లకే పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరారు. 1986 దాకా అక్కడే పనిచేశారు.

నాటకంతో పాఠం చెప్పడం ఆవిడతోనే మొదలవలేదు. అంతకు యాభై ఏళ్ల ముందే ససెక్స్‌లోని సోంప్టింగ్ అనే పల్లెలో హ్యారియెట్ ఫిన్లే జాన్సన్ అనే హెడ్మిస్ట్రెస్ చరిత్ర పాఠాలను పిల్లల చేతే నాటకాలుగా వేయించారు. మరి డోరతీ కొత్తగా చేసిందేంటి? ఆవిడ క్లాసులో స్క్రిప్టు ఉండదు, స్టేజీ ఉండదు, చప్పట్లు కొట్టే జనం ఉండరు. క్లాసు మొత్తం కథలోనే ఉంటుంది. టీచర్ కూడా ఒక వేషం కట్టి లోపలికి దిగుతారు. దీన్నే 'టీచర్ ఇన్ రోల్' అంటారు.

ఆ డాక్యుమెంటరీలోనే ఒక సంగతి ఉంది. తప్పు చేసి ప్రత్యేక వసతి బడికి పంపించిన అబ్బాయిలు వాళ్లు. కథలో యుద్ధ ఖైదీలయ్యారు. డోరతీ శత్రువు వైపు జర్మన్ ఆఫీసర్. ఖైదీల్లో ఒకడు లోపలి మాటలు ఆ ఆఫీసర్‌కి చేరవేస్తున్నాడు. ఇప్పుడు వాణ్ని ఏం చేయాలి? నమ్మకద్రోహం గురించి నీతి పాఠం ఎవరూ చెప్పలేదు. ఆ చిక్కులో వాళ్లే ఇరుక్కున్నారు, వాళ్లే తేల్చుకోవాలి.

1980ల నాటికి ఆవిడ ఇంకో అడుగు వేశారు. పిల్లలే నిపుణులు, టీచర్ సాయం కోసం వచ్చిన మనిషి. మ్యూజియం నడిపేవాళ్లుగానో, వంతెన కట్టే ఇంజనీర్లుగానో పిల్లలకి ఒక పని అప్పజెప్తారు. ఆ పని పూర్తవ్వాలంటే లెక్కలూ కావాలి, ఉత్తరం రాయడమూ రావాలి. దీని పేరు 'మ్యాంటిల్ ఆఫ్ ది ఎక్స్‌పర్ట్'.

అందరూ ఒప్పుకున్నారా? లేదు. ఇందులో అసలు నాటక కళ ఎక్కడుంది అని డేవిడ్ హార్న్‌బ్రూక్ లాంటివాళ్లు గట్టిగానే విమర్శించారు. ఆ మాటలోనూ కొంత న్యాయముంది. నటన నేర్పడం డోరతీ మొదటి లక్ష్యం కాదు మరి.

నా సంగతికొస్తాను. అశోకుడి పాఠం నేనెలా చదివానంటే, కళింగ యుద్ధం ఎప్పుడు జరిగింది? క్రీ.పూ. 261. ఒక మార్కు. అంతే.

అదే మా సారు తల మీద మూటతో క్లాసులోకి వచ్చి, "అయ్యా, మాది కళింగ. ఊరు తగలబెట్టేశారు. సైనికులు నా వెనకాలే వస్తున్నారు. ఈ రాత్రికి మీ ఊళ్లో దాచిపెడతారా?" అని అడిగుంటే? దాస్తే మన ఊరికీ ముప్పే. దాచకపోతే ఈయన ప్రాణం పోతుంది. క్లాసులో ఉన్న నలభై మందీ ఆలోచించాల్సిందే. చివరి బెంచీలో కూర్చున్న ఆ భటుడు కూడా ఆ రోజు నోరు తెరిచేవాడేమో.

డోరతీ 2011లో కన్నుమూశారు. మీలో రేపు టీచర్ అయ్యేవాళ్లు ఉంటారు కదా. బల్లెం పట్టుకుని నిలబడిన పిల్లాణ్ని ఒక్కసారి అడగండి, "నువ్వైతే ఏం చేస్తావు?" అని.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.