ఆన్‌లైన్ వైద్య సెలవు పత్రం

జబ్బు చేసి పనికి వెళ్లలేని ఉద్యోగి ఆసుపత్రి గడప తొక్కకుండా, వీడియోలోనో ఫోన్‌లోనో వైద్యుడికి చూపించుకుని తీసుకునే మెడికల్ సర్టిఫికేట్ ఇది. రోగి పేరు, జబ్బు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు విశ్రాంతి కావాలో అందులో రాస్తారు. కోవిడ్ కాలం నుంచి మన నగరాల్లో దీని వాడకం బాగా పెరిగింది. వైద్యుడు రోగితో నిజంగా మాట్లాడి, చూసి, నిర్ణయం తీసుకున్నాడా అన్నదాన్ని బట్టే ఈ పత్రానికి విలువ. ఆ సంప్రదింపు జరగనప్పుడు ఎంత అందమైన లెటర్‌హెడ్ ఉన్నా అది ఉత్త కాగితమే.

పత్రం ఎలా వస్తుంది

ముందు యాప్‌లో పేరు, వయసు, ఊరు, లక్షణాలు నమోదు చేయాలి. తర్వాత వైద్యుడు వీడియోలోకి వస్తాడు. జ్వరమైతే ఎన్నాళ్ల నుంచి, థర్మామీటరులో ఎంత చూపించింది, ఆయాసం ఉందా, ఒంటి మీద దద్దుర్లు వచ్చాయా, రక్తపరీక్ష చేయించారా అని అడుగుతాడు. నోరు తెరిచి ఫోన్ టార్చి వేసి గొంతు చూపించమంటాడు. ఆధార్ కార్డునో ఆఫీసు ఐడీనో కెమెరా ముందు పట్టుకోమంటాడు. సెలవు అవసరమని నమ్మితే మందుల చీటీతో పాటు పత్రం కూడా పీడీఎఫ్‌గా ఫోన్‌కు పంపిస్తాడు. నమ్మకం కుదరకపోతే నేరుగా ఆసుపత్రికి రమ్మంటాడు. అలా అనడానికి అతనికి పూర్తి హక్కుంది.

జలుబు, మామూలు వైరల్ జ్వరం, విరేచనాలు, కండ్లకలక, పాత మైగ్రేన్, నెలసరి నొప్పి లాంటివాటికి ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. కండ్లకలక ఉన్న మనిషిని ఒక్క కాగితం కోసం కిక్కిరిసిన ఓపీలో కూర్చోబెడితే అతనికీ మంచిది కాదు, పక్కన కూర్చున్న పసిపిల్లల తల్లికీ మంచిది కాదు. ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం, ఎముక విరగడం, తగ్గని జ్వరంతో పాటు చిగుళ్ల నుంచి రక్తం కారడం లాంటివాటికి మాత్రం తెర మీద చూస్తే చాలదు.

భారతదేశంలో నియమాలు

2020 మార్చి 25న, దేశమంతా లాక్‌డౌన్ అమలైన రోజునే, కేంద్ర ఆరోగ్య కుటుంబ సంక్షేమ శాఖ టెలిమెడిసిన్ ప్రాక్టీస్ మార్గదర్శకాలు విడుదల చేసింది. వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002లో వచ్చిన నియమావళికి వీటిని అనుబంధంగా చేర్చారు. వీడియో, ఫోన్, రాతపూర్వక సందేశం, మూడు దారుల్లోనూ సంప్రదింపునకు అనుమతి ఉంది. వైద్యుడు తన రిజిస్ట్రేషన్ నంబరును చీటీల మీద, రసీదుల మీద చూపాలి, రోగి ఎవరో నిర్ధారించుకోవాలి, రికార్డు ఉంచుకోవాలి. కృత్రిమ మేధతో నడిచే వేదికలు తమంతట తాము రోగికి సలహా ఇవ్వడం, మందులు రాయడం నిషిద్ధం.

ఈ నియమాల్లో ఆర్‌ఎంపీ అంటే రాష్ట్ర లేదా జాతీయ రిజిస్టరులో పేరున్న వైద్యుడు. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ డాక్టర్ అని పిలిచే, డిగ్రీ లేని గ్రామీణ వైద్యుడు ఈ కోవలోకి రాడు. ఆయన సంతకంతో వచ్చిన సెలవు పత్రం ఎదుటే కూర్చుని రాసినా చెల్లదు.

అసలు చిక్కు మరోచోట ఉంది. సెలవు పత్రం నమూనా 2002 నియమావళిలోనే ఉంది. అందులో మొట్టమొదటి గడి రోగి సంతకానిది. సంతకం రానివారు వేలిముద్ర వేయాలి. ఆ భాగాన్ని వైద్యుడి సమక్షంలోనే పూర్తి చేయాలని రాసి ఉంది. దాని కింద పుట్టుమచ్చల్లాంటి గుర్తులకు చోటు. ఆ తర్వాత, పైన సంతకం చేసిన వ్యక్తిని జాగ్రత్తగా పరీక్షించానని, ఫలానా జబ్బుతో ఉన్నాడని, కోలుకోవడానికి ఇన్నాళ్లు విధులకు దూరంగా ఉండడం తప్పనిసరని వైద్యుడు ధ్రువీకరించాలి. ఇచ్చిన పత్రాల వివరాలన్నీ ఒక రిజిస్టరులో రాసి, ప్రతి దానికీ నకలు ఉంచుకోవాలి. ఇదంతా ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరి కోసం రాసిన నమూనా. 2020 మార్గదర్శకాలు వైద్యానికి దారి తెరిచాయి గానీ, సెలవు పత్రానికి విడిగా నియమం పెట్టలేదు. జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో కొత్త నియమావళి తెచ్చినా, అదే నెలలో దాని అమలు ఆపేసింది. దాంతో 2002 నాటిదే మళ్లీ అమల్లోకి వచ్చింది. వీడియోలో ఎన్ని రోజుల సెలవు దాకా రాయవచ్చు, సంతకం ఎలా తీసుకోవాలి అన్నది వైద్యుడి విచక్షణకూ యజమాని దయకూ వదిలేయడం ఉద్యోగికి అన్యాయం. రెండు వాక్యాల సవరణతో తీరిపోయే లోటు ఇది.

ఎవరు ఒప్పుకుంటారు

ప్రైవేటు కంపెనీల్లో ఇది సంస్థ సెలవు విధానాన్ని బట్టి ఉంటుంది. ఒకటి రెండు రోజులకు చాలాచోట్ల పత్రమే అడగరు. అంతకు మించితే హెచ్‌ఆర్ విభాగం రిజిస్ట్రేషన్ నంబరు, తేదీలు చూస్తుంది. పత్రం మీద తేదీ వైద్యుడు చూసిన రోజుదే ఉండాలి. సోమవారం చూసిన వైద్యుడు, రోగి గత బుధవారం నుంచి జబ్బుగా ఉన్నాడని తన మాటగా రాయకూడదు. రోగి చెప్పిన ప్రకారం అని మాత్రమే రాయగలడు.

ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో పట్టింపు ఎక్కువ. కేంద్ర ఉద్యోగులకు వర్తించే 1972 సెలవు నియమాల ప్రకారం, పత్రం తెచ్చినా అనుమానముంటే ప్రభుత్వ వైద్యాధికారితో రెండో అభిప్రాయం తీసుకోవచ్చు. వైద్య సెలవు ముగించుకుని వచ్చేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికేట్ చూపాలి. అర్ధవేతన సెలవును కమ్యూటెడ్ లీవుగా మార్చుకుంటే పూర్తి జీతం వస్తుంది, ఖాతాలో రెట్టింపు రోజులు తగ్గుతాయి. అంటే ఆ కాగితం మీద జీతం ఆధారపడి ఉంది.

ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్‌ఐ) పరిధిలోని కార్మికుడికి ఆన్‌లైన్ పత్రాన్ని నమ్ముకోవడం ప్రమాదకరం. అక్కడ అనారోగ్య భృతి వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. దానికి మామూలుగా ఈఎస్‌ఐ వైద్యాధికారి ఇచ్చే సర్టిఫికేటే కావాలి. జ్వరంతోనైనా డిస్పెన్సరీ వరుసలో నిలబడక తప్పని మనిషి ఈ వ్యవస్థలో అతనే. ఆన్‌లైన్ సౌకర్యం అందరికంటే ఎక్కువ అవసరమైంది కూడా అతనికే.

జర్మనీ చూపిన దారి

జర్మనీలో చట్టం ప్రకారం అనారోగ్యం మూడు రోజులు దాటితే వైద్యుడి పత్రం కావాలి. యజమాని కోరితే ముందే ఇవ్వాలి. ఆరు వారాల దాకా జీతం పూర్తిగా వస్తుంది. అక్కడి వైద్యులు, ఆసుపత్రులు, బీమా నిధుల ఉమ్మడి కమిటీ 2020 అక్టోబరులో వీడియో ద్వారా పత్రం ఇవ్వడానికి అనుమతించింది. తెలిసిన రోగికి ఏడు రోజుల వరకు ఇవ్వొచ్చు. కొత్త రోగికైతే మూడు రోజుల వరకు అని 2022 జనవరి నుంచి చేర్చారు. 2023 డిసెంబరు నుంచి తెలిసిన రోగికి, లక్షణాలు తీవ్రంగా లేకపోతే, ఫోన్ మీద ఐదు రోజుల వరకు ఇస్తున్నారు. పరిచయాన్ని బట్టి, చూసే మాధ్యమాన్ని బట్టి రోజులు మారడం ఈ పద్ధతిలోని తెలివి. 2023 జనవరి నుంచి ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉన్న ఉద్యోగి పాత పసుపు రంగు సెలవు పత్రాన్ని యజమానికి ఇవ్వనక్కర్లేదు. యజమానే బీమా నిధి నుంచి వివరాలు డిజిటల్‌గా తెప్పించుకుంటాడు. అందులో జబ్బు పేరు ఉండదు. మన పత్రాల్లో రోగ నిర్ధారణ హెచ్‌ఆర్ మెయిలు దాకా వెళ్లిపోతుంది. గర్భస్రావమో, మానసిక వ్యాధో అయినప్పుడు అది ఎంత బాధాకరమో ఉద్యోగినులకు తెలుసు.

బ్రిటన్‌లో మొదటి ఏడు రోజులకు ఉద్యోగి సొంత మాటే చాలు. ఆ పైనే పత్రం అడుగుతారు.

నకిలీ పత్రాలు

ప్రశ్నావళి నింపి డబ్బు కడితే వైద్యుడు కనిపించకుండానే పత్రం పంపే వెబ్‌సైట్లు ఇక్కడా జర్మనీలోనూ ఉన్నాయి. వాట్సాప్ ద్వారా అలా వచ్చిన పత్రానికి సాక్ష్యపు విలువ లేదని బెర్లిన్ కార్మిక న్యాయస్థానం 2021లో తేల్చింది. వైద్యుడితో మాట్లాడకుండా ఆన్‌లైన్‌లో పత్రం కొన్న ఒక ఐటీ ఉద్యోగిని నోటీసు లేకుండా తొలగించడం సబబేనని హామ్ నగరంలోని అప్పీలు కార్మిక న్యాయస్థానం 2025 సెప్టెంబరులో తీర్పిచ్చింది. ఆ దేశంలో పనిచేస్తున్న తెలుగు ఐటీ ఉద్యోగులు, విద్యార్థులు తెలుసుకోవలసిన తీర్పు ఇది. హైదరాబాదులోని వైద్యుడి చేత వీడియోలో రాయించుకుని అక్కడ చూపించాలనుకోవడమూ పనికిరాదు. మన మార్గదర్శకాలు దేశం వెలుపలి సంప్రదింపులకు వర్తించవు.

భారతదేశంలో అసత్యమైన పత్రంపై సంతకం చేసిన వైద్యుడి పేరును రిజిస్టరు నుంచి తొలగించే అధికారం వైద్య మండలికి ఉంది. తప్పుడు ధ్రువపత్రం ఇవ్వడం, తెలిసీ దాన్ని నిజమైనదిగా వాడడం గురించి భారతీయ న్యాయ సంహిత 234, 235 సెక్షన్లు చెబుతాయి. పత్రం మీది రిజిస్ట్రేషన్ నంబరును జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లోని రిజిస్టరులోనో, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వైద్య మండళ్ల దగ్గరో ఎవరైనా సరిచూసుకోవచ్చు. డబ్బు కట్టే ముందే రోగి ఆ పని చేసుకోవడం మేలు.